ప్లేటు బోర్లించే చేయి

కల్చర్ రిపోర్టు కింద డాక్టరుగారి సంతకం ఉంటుంది. దాని వెనకున్న టెక్నీషియన్ పనితనం రోగికి తెలియనే తెలియదు. రోగి నమూనాలోని బ్యాక్టీరియాను పెంచి చూడాలంటే వేడి, తడి, ఉప్పు, గాలి: అది కోరినవన్నీ కోరిన పాళ్లలో అమర్చాలి. కొత్త అల్లుడికైనా ఇన్ని మర్యాదలుండవు!

బ్యాక్టీరియా పెరిగే జెల్లీ అగార్‌ను ప్లేట్లలో పోయడమే చూడండి. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి తీశాక, 45-50 డిగ్రీలకు చల్లారాలి. ముందే పోస్తే మూతకు ఆవిరి పడుతుంది, ఆలస్యమైతే సీసాలోనే గడ్డకడుతుంది. బ్లడ్ అగార్‌కు రక్తం కలిపేదీ అప్పుడే. వేడి ఎక్కువైతే రక్తకణాలు పగిలి చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. హీమోఫిలస్ అనే బ్యాక్టీరియాకు మాత్రం సరిగ్గా అదే కావాలి కాబట్టి, దానికోసం కావాలనే వేడిచేస్తారు. చేయి తిరిగినవాళ్లు సీసా పట్టుకుని అదను చెప్పేస్తారు. ఇంక్యుబేటర్‌లో ప్లేట్లను బోర్లించే పెడతారు, మూత మీది నీటిచుక్క జారి కాలనీలను కలిపేయకుండా.

నాకు ముచ్చటేసేది క్యాండిల్ జార్. ప్లేట్లతోపాటు కొవ్వొత్తి వెలిగించి మూత బిగిస్తారు. అది ఆరిందంటే లోపల ఆక్సిజన్ అయిపోయిందనుకుంటారు చాలామంది. కాదు, ఇంకా బోలెడుంటుంది. కార్బన్ డయాక్సైడ్ సుమారు 3 శాతానికి పెరుగుతుంది, గనేరియా క్రిమికి కావలసింది అదే. రూపాయల్లో తేలిపోయే ఏర్పాటు!

కలరా క్రిమికి క్షారం ఇష్టం, స్టెఫైలోకాకస్ ఉప్పును తట్టుకుంటుంది. అన్నిటికన్నా ఓపిక పరీక్షించేది క్షయ: ఎల్‌జె అనే పచ్చటి మీడియం మీద 8 వారాలు చూశాకే ‘పెరగలేదు’ అని రాస్తారు.