ఆంగ్లవాచకములలోని పండుగపాఠములు

పరభాషను నేర్చుకొనువానికి ఆ భాషలోని మాటలు మాత్రమే తెలిసిన చాలదు. ఆ మాటలు పుట్టిన నేలను, ఆ నేలపై వచ్చిపోవు ఋతువులను, ఆ ఋతువులయందు జనులు చేసికొను పండుగలను అతడు కొంతయైనను ఎఱుగవలయును. ఈ సంగతిని కాదనువారు లేరు. కావుననే ఇంగ్లీషు వాచకములను కూర్చువారు తఱచుగా ఒకటి రెండు పండుగపాఠములను చేర్చుచున్నారు. వారి ఉద్దేశము మంచిదే. అది ఎంతవఱకు నెఱవేరినదో విచారించుటయే ఈ వ్యాసముయొక్క పని.

ఇది పండితుల వినోదమునకై చేయు విచారణ కాదు. 2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతివఱకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఫీజులు చెల్లింపగలవారి బిడ్డలకు మాత్రమే దొరకుచుండిన చదువు, నాటు కూలికి పోవు తల్లి బిడ్డకును గొఱ్ఱెలు కాచు తండ్రి బిడ్డకును అందినది. సంతోషింపవలసినదే. కాని యింటి భాష యొకటి, బడి భాష యొకటి యగుట ఈ ప్రాంతమునకు క్రొత్త గాదు. నిజాము రాజ్యమున ఉర్దూ బోధనభాషగా నున్న దినములలో మన తాతలు ఆ కష్టమును అనుభవించినవారే. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను చదువు ఉర్దూలోనే సాగెను. అట్టి కష్టమును తాతలు పడిరని మనుమలను గూడ పడనిత్తుమా? ఇంటినుండి బడికి ఒక వంతెన కట్టవలయును. పండుగపాఠము అట్టి వంతెన కాదగినది. అది వంతెన యైనదా, గోడ యైనదా యన్నదే మా ప్రశ్న.

హైదరాబాదు-విజయవాడ బాటపై నున్న సూర్యాపేట, కోదాడలయందును, సాగరు ఎడమకాలువ ఆయకట్టున ధాన్యపు మరలతో నిండిన మిర్యాలగూడయందును పిల్లలు చదువు వాచకములను కొన్నింటిని మేము తిరుగవేసి చూచితిమి. పుస్తకములు వేఱైనను పండుగపాఠముల తీరు ఒక్కటే. మొదట పండుగ పేరు, పిదప తేది, ఆపైన తినుబండముల పట్టిక, కట్టకడపట ఖాళీలను పూరింపుమను ప్రశ్నలు. క్రిస్మసునకు మంచు కురియును. హాలోవీనునకు పిల్లలు దయ్యముల వేషములు వేయుదురు. థాంక్స్‌గివింగునకు టర్కీకోడిని వండుదురు. ఎందులకు వేయుదురు, ఎవరు వండుదురు, ఆ వేళ పొలములో ఏమి జరుగుచుండును అను మాట మాత్రము కానరాదు.

దసరా సెలవులు ముగిసి బడులు తెఱచిన వారమున ఒక తరగతిలో కూర్చుండుట మాకు తటస్థించినది. ఏడవ తరగతి బాలిక యొకతె హాలోవీనును గూర్చి పదునాలుగు వాక్యములను తడబడక అప్పగించినది. "మొన్న మీ యింట జరిగిన పండుగను గూర్చి ఇంగ్లీషున రెండు మాటలు చెప్పుమమ్మా" అని అడిగితిమి. ఆమె తల వంచుకొనినది. తెలుగున చెప్పుమనగా తల యెత్తినది. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యము, అట్లు, అలిగిన బతుకమ్మ, వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు అని తొమ్మిది దినములను వరుసగా చెప్పి, అలిగిన నాడు బతుకమ్మను ఆడరని కూడ చెప్పినది. ఇంత తెలిసియు ఇంగ్లీషున ఏల చెప్పవైతివని అడిగితిమి. "గది పరీక్షల రాదు గద సార్" అని బదులు చెప్పినది. ఆ బిడ్డయందు దోషము లేదు. తన పండుగ ఇంగ్లీషున చెప్పదగినది కాదని ఎవరును నోటితో చెప్పకయే ఆమె నేర్చుకొనినది. వాచకము నేర్పిన పాఠములలో ఇదియే ఆమెకు గట్టిగా వంటబట్టినది.

ఈ పాఠములలోని మొదటి దోషము ఋతువును విడిచి పండుగను చెప్పుట. "స్నో" అనగా మంచు అని మన ఉపాధ్యాయులు చెప్పుదురు. మన మంచు ఏది? ధనుర్మాసమున తెల్లవాఱుజామున పెద్దబాటపై లారీలు దీపములు వేసికొని మెల్లగా పోవునట్లు చేయునది మంచు. గడ్డిపోచపై ముత్యమువలె నిలుచునది మంచు. సోడాబండిలో పొట్టు కప్పి యుంచునది మంచుగడ్డ. ఇంగ్లీషువాడు వీనికి ఫాగ్, డ్యూ, ఐస్ అని వేఱువేఱు పేళ్లు పెట్టినాడు. దూదిపింజలవలె రాలి నేలను కప్పు స్నోను గాని, రాత్రి గడ్డకట్టి పచ్చికపై తెల్లని పొరగా నిలుచు ఫ్రాస్టును గాని సూర్యాపేట బిడ్డ ఎన్నడును చూచి యెఱుగదు. అన్నింటికిని ఒక్క మాటనే చెప్పి ముందునకు సాగినచో ఆ బిడ్డ మనస్సున క్రిస్మసు దినమున లండను నగరమెల్ల మన ముంగిటి పొగమంచుతో నిండియుండును. అదియు గాక ఆస్ట్రేలియాలోను న్యూజీలాండులోను ఇంగ్లీషే మాటలాడుదురు. అచ్చట డిసెంబరు నడివేసవి. మంచు లేనిదే క్రిస్మసు లేదను పాఠము ఇంగ్లీషు మాటలాడు జనులయందే అనేకులకు పొసగదు.

ఋతువు భాషలోనికి ఎంత లోతుగా దిగునో చూడుడు. చలిదేశపువాడు ఆదరమును "వార్మ్" అనును. ఆదరము లేనివానిని "కోల్డ్" అనును. వేసవియెండలో వేగు మన తల్లులు "నీ కడుపు చల్లగుండ" అని దీవింతురు. మనకు చూపు చల్లనిదైన మంచిది, మాట చల్లనిదైన మంచిది. ఒకరికి వెచ్చదనము వరము, ఒకరికి చల్లదనము వరము. ఈ యొక్క సంగతిని పండుగపాఠమున చెప్పిన పిల్లవాడు రెండు భాషల మర్మమును ఒక్క దినమున గ్రహించును. చెప్పనిచో "వార్మ్ వెల్‌కమ్" అను మాటను అర్థమెఱుగక బ్రతుకంతయు వల్లించును.

రెండవ దోషము కారణమును, చరిత్రను విడుచుట. హాలోవీను అక్టోబరు 31వ తేదిన వచ్చును. మఱునాడు సర్వపునీతుల దినము, ఆ మఱునాడు మృతుల ఆత్మలను తలచుకొను దినము. ఐర్లండువారు పూర్వము టర్నిప్ దుంపలను తొలిచి దీపములు పెట్టెడివారు. అమెరికాకు పోయినపిమ్మట అచ్చట విరివిగా పండు గుమ్మడికాయను పట్టుకొనిరి. ఈ మాట చెప్పిన మన బిడ్డకు అది వింత దయ్యముల ఆట కాదు. పెత్రమాస నాడు పెద్దలను తలచుకొని బియ్యమిచ్చు ఆచారము వాని యింట కలదు. ఆ సాయంకాలమే ఎంగిలిపూల బతుకమ్మ. దృష్టి తగులకుండ గుమ్మమునకు బూడిదగుమ్మడికాయను కట్టుట వాడు ఎఱిగినదే. రెండును ఒకటే యని మేము చెప్పుట లేదు. పోలికను తలుపుగా పెట్టిన వాడు లోనికి పోయి భేదమును తానే చూడగలడు.

ఈస్టరు మార్చిలోనో ఏప్రిలులోనో వచ్చునని పాఠము చెప్పి ఊరకుండును. మార్చి 21న గాని ఆ తరువాత గాని వచ్చు పున్నమకు పిదప వచ్చు తొలి ఆదివారము ఈస్టరు. పంచాంగము చూచి పండుగ చేసికొను ఇంటి బిడ్డకు ఇంతకంటె సులభముగా తెలియు లెక్క ఏది కలదు?

థాంక్స్‌గివింగు సంగతియు నిట్టిదే. 1621లో ప్లిమతునందు వలసవచ్చిన ఇంగ్లీషువారును వాంపనోగు జాతివారును కలిసి భుజించిరను కథను మాత్రము పాఠము చెప్పును. ఆ దేశమున అంతర్యుద్ధము జరుగుచుండగా 1863లో లింకను దానిని జాతీయ దినముగా ప్రకటించెననియు, నవంబరు నాలుగవ గురువారమని 1941లో శాసనమైనదనియు, కెనడావారికి అది అక్టోబరు రెండవ సోమవారమనియు చెప్పదు. భూమిని కోల్పోయిన ఆదిమజాతులవారు 1970 మొదలు ప్లిమతుననే ఆ దినమును శోకదినముగా పాటించుచున్నారని అసలే చెప్పదు. ఒకరి పండుగ మఱియొకరి కన్నీరు కావచ్చునను సత్యము పిల్లలకు చెప్పరానిదా?

ఇంగ్లీషువారి ఆచారములన్నియు అనాదిసిద్ధములను భ్రమయు ఈ పాఠములవలన కలుగుచున్నది. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మసు వేడుకలను నిషేధించెను. అమెరికాలోని మసాచుసెట్సు వలసలో 1659 మొదలు 1681వఱకు ఆ వేడుకకు జుల్మానా యుండెను. స్కాట్లండున క్రిస్మసు సెలవుదినమైనది 1958లో. క్రిస్మసు కార్డు తొలుత అచ్చయినది 1843లో. ఆచారము మనుష్యులు కల్పించుకొనునది, మార్చుకొనునది, అవసరమైనచో మానుకొనునది. ఈ దృష్టి మనకు పరాయిది కాదు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు "హిందువుల పండుగలు" అను గ్రంథమును వ్రాసిరి. మన పండుగల మూలములను మనము విచారింపవచ్చునట. పరుల పండుగలను మాత్రము చేతులు జోడించి వల్లింపవలయునట! ఇది భక్తియు కాదు, విద్యయు కాదు.

మూడవ దోషము అన్నింటికంటె పెద్దది. పాఠము బిడ్డను బయట నిలువబెట్టును. సూర్యాపేట చెంత దురాజ్‌పల్లి గట్టుపై రెండేండ్లకొకమాఱు లింగమంతుల జాతర జరుగును. "ఓ లింగా" అను కేక గట్టంతయు మాఱుమ్రోగును. కోదాడ ప్రాంతమున మేళ్లచెఱువులో శివరాత్రికి ఎడ్లు బండలు లాగు పందెములు జరుగును. మిర్యాలగూడ చుట్టుపట్లవారు హిందువులు, ముసల్మానులు అను భేదము లేక జాన్‌పహాడు దర్గా ఉర్సునకు పోవుదురు. వీనిలో ఒక్కదానికైనను ఇంగ్లీషు పాఠమున చోటు లేదు. పోనిండు, క్రిస్మసు పాఠమైనను ఆ బల్లమీద కూర్చున్న క్రైస్తవ బాలునిదా? కాదు. వాని యింటిపై కాగితపు నక్షత్రము వ్రేలాడును; వాని తల్లి తెలుగు కీర్తనలు పాడును; వానికి క్రొత్త చొక్కా కుట్టింతురు. పాఠములోని జింకలబండియు మంచుబొమ్మయు వానికిని పరాయివే. తన పండుగను గూర్చిన పాఠముననే వాడు అతిథియైనాడు.

తంగేడు, గునుగులకు ఇంగ్లీషు మాటలు లేవని కొందఱు అందురు. మన పందికొక్కును "బ్యాండికూట్" అని ఇంగ్లీషు భాష ఏనాడో తన నిఘంటువులోనికి చేర్చుకొనినది. పందికొక్కునకు దొరికిన చోటు తంగేడు పువ్వునకు దొరకదా? మాటను అట్లే యుంచి, అది ఎట్టి పువ్వో ఒక వాక్యమున వివరించుటయే భాషాభ్యాసము. న్యూజీలాండువారిని చూడుడు. కృత్తికానక్షత్రములు తెల్లవాఱుజామున మరల కనబడు వేళను మావోరీలు తమ సంవత్సరాదిగా ఎంచి మతారికి యందురు. 2022 మొదలు అది ఆ దేశమున సెలవుదినము. ఇంగ్లీషు మాటలాడు ప్రజలు దానిని మావోరీ మాటతోనే పిలుచుచున్నారు. ఆ కృత్తికలపేరనే మనము కార్తికమాసము చేసికొనుచున్నాము. ఇట్టి పాఠము ఏ వాచకములోనైనను కానవచ్చునేమో యని వెదకితిమి; మేము చూచినవానిలో లేదు.

ఇంతమాత్రమున పరుల పండుగలను పాఠములనుండి తీసివేయవలయునని కేకలు వేయువారితో మేము ఏకీభవింపము. వారి దేశాభిమానము నూతిలోని కప్ప అభిమానము. ఈ మూడు పట్టణములనుండి అమెరికాకును, ఆస్ట్రేలియాకును చదువులకై పోవు యువకులు అనేకులు. పొరుగింటివాని పండుగ తెలియనివాడు పొరుగువానితో ఏమి మాటలాడును? నేర్పవలయును, అయితే అర్థముతో నేర్పవలయును. వ్యవధి లేదు, పరీక్షలు తఱుముచున్నవని ఉపాధ్యాయులు అందురు. వారి కష్టము మేమెఱుగుదుము. కాని మేము కోరునది అధికమైన పాఠము కాదు, పాఠముయొక్క క్రమమును మార్చుట మాత్రమే.

మొదట ఋతువు, పిదప పని, ఆ పిదప పండుగ. మిర్యాలగూడలో థాంక్స్‌గివింగు పాఠమును నవంబరున చెప్పుడు. వానకాలపు వరికోతలు సాగుచుండును. ధాన్యపు బండ్లు మరలముందు బారులు తీరియుండును. "హార్వెస్టు" అను మాటను నల్లబల్లపై వ్రాయుటకు ముందు కిటికీ తెఱచి చూపుడు. పిల్లవాడు తన యింటి కోతలను గూర్చి ఐదు వాక్యములు, తప్పులతోనైనను సరియే, ఇంగ్లీషున చెప్పవలయును. ఆ తరువాత ప్లిమతు కథ చెప్పుడు. అప్పుడు వాడు అడుగు ప్రశ్నలే వాని చదువునకు కొలత. పరీక్షలోను తేదిని అడుగుట మాని, "నీ యూరి పండుగను ఎఱుగని యింగ్లీషు బాలునికి దానిని వివరింపుము" అని అడుగుడు. ఆ ప్రశ్న యొక్కటి పరీక్షకు వచ్చిన, మిగిలినదంతయు తరగతిలో తానే వచ్చును.

మేము చూచిన బాలిక వచ్చు ఏడు ఎనిమిదవ తరగతికి పోవును. మరల పెత్రమాస వచ్చును, మరల తంగేడు పూయును. ఆనాటికైనను ఆమె తల వంచుకొనక తొమ్మిది దినముల కథను ఇంగ్లీషున చెప్పగలిగిన ఆమెకు రెండు భాషలును వచ్చినట్లు. చెప్పలేనిచో ఆ లోపము ఆమెది కాదు. వాచకములను కూర్చువారిది, వానిని ప్రశ్నింపక కొనిపెట్టు మనది.