ఏడో నంబరు సైకిల్

మా ఊరి బస్టాండు పక్కన అద్దె సైకిళ్ల షాపులో పద్నాలుగు సైకిళ్లుండేవి. వెనక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో నంబర్లు. గంటకు అర్ధరూపాయి. ఆదివారం తెల్లారేసరికి వెళ్లి నిలబడకపోతే ఏడో నంబరు దొరికేది కాదు. చూపులకు దానికీ ఎనిమిదికీ తేడా లేదు. అదే నలుపు, అదే తుప్పు. కానీ ఏడు మీద కూర్చుంటే హ్యాండిల్ తనే వచ్చి చేతికందినట్టుండేది. ఎనిమిదెక్కితే గంట తిరిగేసరికి నడుం పట్టేసేది. మూడుకు చైను ఊడేది, పదకొండు కుడివైపు లాగేది. ఇవన్నీ ఎవరూ చెప్పిన సంగతులు కావు. వారానికొకటి తొక్కి, మోకాళ్లు చీరుకుపోయి తెలుసుకున్నవి.

నలభై ఏళ్ల తర్వాత రోడ్ బైకు కొనబోయినప్పుడు ఆ తెలివంతా ఎటు పోయిందో! షాపు సెల్లార్లో రెండు రౌండ్లు కొట్టి, కార్డు గీకేశాను.

నా ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలు. కుర్రాడు నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, 'మీ హైటుకి పర్ఫెక్ట్ సైజు సార్' అన్నాడు. అది 56 సైజు. ఆ రోజు షాపులో ఉన్నదే ఆ సైజని తర్వాత తెలిసింది. మొదటి ఆదివారం గండిపేట దాకా వెళ్లాను. రానూపోనూ 40 కిలోమీటర్లు. అక్కడ ఆగి మొక్కజొన్న కంకి తీసుకుని, డబ్బులివ్వడానికి జేబులో చెయ్యి పెడితే నోటు పట్టు చిక్కడం లేదు. కుడిచేతి చిటికెనవేలూ ఉంగరపు వేలూ నావి కానట్టున్నాయి. కంకులమ్మే ఆవిడే, 'ఏమైంది సారూ, తిమ్మిరెక్కిందా?' అని చెయ్యి దులిపి చూపించింది.

అరచేతి అంచు మీదుగా ఆ రెండు వేళ్లకు వెళ్లే నరం ఒకటుంది. హ్యాండిల్ మరీ దూరంగా ఉంటే ఒంటి బరువు ముందుకు వాలి అరచేతుల మీద ఆగుతుంది, ఆ నరం నలుగుతుంది. దీనికి డాక్టర్లు 'హ్యాండిల్‌బార్ పాల్సీ' అని పేరు కూడా పెట్టారంటే ఎంతమంది పడుతున్న బాధో చూడండి. స్టెమ్ మార్చాలని తెలిసింది. ఫ్రేముకూ హ్యాండిల్‌కూ మధ్య ఉండే పొట్టి ముక్క అది. 110 మి.మీ.ది తీసేసి 80ది వేయించాను. వేళ్లు తేరుకున్నాయి, వాటితోపాటు పట్టేసిన మెడ తేరుకోలేదు. పైగా ముందుచక్రం చిన్న కదలికకే ఉలిక్కిపడటం మొదలుపెట్టింది. చొక్కా పెద్దదైతే చేతులు మడుచుకుంటాం, భుజాలనేం చేస్తాం? ఏడాది తిరక్కుండా సగం ధరకు అమ్మేశాను.

సైజు అంకెను నమ్మి మోసపోయింది నేనొక్కణ్నే కాదు. పాత నల్ల సైకిళ్లు 22, 24 అంగుళాల ఫ్రేములతో వచ్చేవి. పొట్టివాళ్లకొకటి, పొడుగువాళ్లకొకటి, అంతే. రోడ్ బైకుల సైజులు 52, 54, 56 అంటూ సెంటీమీటర్లలో నడిచేవి. 1990ల్లో జెయింట్ కంపెనీకి మైక్ బరోస్ అనే ఇంగ్లండ్ డిజైనరు టీసీఆర్ అనే సైకిల్ గీశాడు. పై గొట్టాన్ని వెనక్కి వాల్చేసి, సీటు గొట్టం పైకీ కిందికీ ఎక్కువ జరిగేట్టు చేసి, రెడీమేడ్ చొక్కాల్లాగా ఎస్, ఎమ్, ఎల్‌తో సరిపెట్టొచ్చని చూపించాడు. ఫ్యాక్టరీకి ఖర్చు తగ్గింది, దుకాణదారుకు సరుకు నిల్వ తేలికైంది. చిక్కల్లా కొనేవాడికే. ఒక కంపెనీ ఎమ్ ఇంకో కంపెనీ ఎమ్‌తో కలవదు. అందుకే అడగాల్సింది సైజు కాదు, స్టాక్ ఎంత, రీచ్ ఎంత అని. పెడళ్ల మధ్య ఇరుసు నుంచి హ్యాండిల్ దిగే గొట్టం పైకొస దాకా నిలువున ఎంతుందో స్టాక్, అడ్డంగా ఎంతుందో రీచ్. స్టాక్ ఎక్కువైతే కాస్త నిటారుగా కూర్చుంటాం. రీచ్ ఎక్కువైతే సాగిలపడతాం. యాభై దాటిన మెడకు ఈ రెండంకెలే ముఖ్యం, గేర్ల సంఖ్య కాదు.

సీటు ఎత్తుకు సూత్రాలున్నాయి. 1967లో హామ్లే, థామస్ అనే ఇద్దరు పరిశోధకులు కాలి లోపలి పొడవుకు 109 శాతం అన్నారు, కిందికి దిగిన పెడల్ నుంచి సీటు పైదాకా. టూర్ డి ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ పేరుమీద ఇంకో లెక్క చెలామణిలో ఉంది. కాలి పొడవును 0.883తో గుణిస్తే ఇరుసు నుంచి సీటు పైదాకా వచ్చే ఎత్తు. నా కాలు 79 సెంటీమీటర్లు. లెమాండ్ లెక్కలో 69.8 వచ్చింది. పెడల్ కాడ 17 కలిపితే 86.8. హామ్లే లెక్కలో 86.1. అంటే ఇద్దరికీ ఏడు మిల్లీమీటర్ల తేడా. ఏడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. మోకాలికి అలా అనిపించదు. అదీగాక హామ్లే, థామస్ కొలిచింది కాసేపు ఊపిరి బిగబట్టి తొక్కే బలాన్ని, మూడు గంటలు తొక్కి ఇంటికొచ్చాక మెట్లెక్కగలిగే హాయిని కాదు.

సూత్రం పట్టుకు వేలాడేవాళ్లకు నేను ఎడ్డీ మెర్క్స్ సంగతి చెబుతుంటాను. టూర్ డి ఫ్రాన్స్ ఐదుసార్లు గెలిచిన బెల్జియం వీరుడు. 1969లో ఫ్రాన్సులో ట్రాక్ మీద ఘోరంగా పడి కటి ఎముక పక్కకు జరిగింది. అప్పట్నుంచి ఏ ఎత్తూ ఆయనకు కుదరలేదు. రేసు నడుస్తుండగానే అలెన్ కీ తీసి సీటు సర్దుకునేవాడు. 1972లో మెక్సికో సిటీలో గంటకు 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు కొట్టింది ఆ నడుంతోనే. అంతటివాడికే ఒక అంకె దగ్గర ఆగడం చేతకాలేదు.

రెండోసారి కొనబోయేముందు ఇంట్లో చేసిన మొదటి పని ఫ్రిజ్జు అట్టపెట్టె చింపడం. అట్టముక్క మెట్టు మీద వేసి, దానిమీద కూర్చుని కాస్త ముందుకు వంగి, పాదాలెత్తాను. లేచి చూస్తే అట్టలో రెండు గుంటలు. సుద్దముక్కతో రుద్దితే ఇంకా స్పష్టంగా తేలాయి. అవి మనం కూర్చునే ఎముకల గుర్తులు. మధ్య దూరం టేపుతో కొలుస్తుంటే మా ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి, 'ఏవండీ, కాస్త తలుపేసుకోకూడదూ' అంది. పదకొండున్నర సెంటీమీటర్లు. దానికి రెండు మూడు కలిపితే సీటు వెడల్పు. మెత్తటి స్పాంజి సీటు పది నిమిషాలు దివాన్‌లా ఉంటుంది. గంటకల్లా ఆ ఎముకలు స్పాంజిలో దిగబడి, బరువు పడకూడని చోట పడుతుంది. షాపులో బొటనవేలితో సీటు నొక్కి చూసేవాళ్లను చూస్తే నాకు జాలి. తొక్కేది బొటనవేలితో కాదుగదా.

ఈసారి మూడు షాపులు తిరిగాను, మూడు సైకిళ్లు. నా బూట్లు, నా నిక్కరు, నా టేపు, గాలి చూసే మీటరు సంచిలో వేసుకుని వెళ్లాను. మీటరెందుకంటారా? మొదటి సైకిల్ టైర్లలో గాలి రాయిలా బిగించి ఉంది, రెండోదాన్లో సగమే ఉంది. అలాగే తొక్కి 'రెండోది మెత్తగా పోతోంది' అనుకుంటే మనం గాలిని మెచ్చుకున్నట్టు, సైకిల్‌ను కాదు. మూడింటికీ ఒకే గాలి కొట్టించాను.

దారి కూడా ఒకటే ఉండాలి. ఔటర్ రింగు రోడ్డు పక్కన నార్సింగి నుంచి కొల్లూరు వైపు 2023లో సోలార్ పైకప్పుతో సైకిల్ ట్రాక్ వేశారు. చక్కటి ట్రాకే, నీడలో తొక్కొచ్చు. సైకిల్ ఎంచుకోవడానికి మాత్రం అక్కడికి వెళ్లకండి. నున్నటి దారిమీద ఏ సైకిలైనా బంగారమే. నేను ఎంచుకున్న దారిలో ఒక మెరక, నాలుగు స్పీడ్‌బ్రేకర్లు, ఎప్పటికీ పూడ్చని ఒక పైపులైను గుంత, వెనక్కి తిరిగి చూడక తప్పని ఒక కుడి మలుపు ఉన్నాయి. మెడ సంగతి ఆ మలుపులోనే బయటపడింది. రెండో సైకిల్ కార్బన్‌ది, ఒంటిచేత్తో ఎత్తొచ్చు, చూస్తే కళ్లు తిప్పుకోలేం. మలుపులో వెనక్కి చూద్దామంటే మెడ తిరగలేదు. అరగంటకు దిగి, మనసు చంపుకుని ఇచ్చేశాను.

మూడో షాపులో నా లైసెన్సు తీసి గల్లాపెట్టెలో పెట్టుకుని గంటసేపు ఇచ్చారు. స్టీలు ఫ్రేము, 32 మి.మీ. టైర్లు, రెండోదానికన్నా రెండున్నర కిలోల బరువెక్కువ, ధర సగానికి తక్కువ. సీటు 69.8 దగ్గర పెట్టించుకున్నాను. మెకానిక్ కుర్రాడు స్కూటర్ మీద వెనకాలే వచ్చాడు. కిలోమీటరు కాకముందే హారన్ కొట్టి ఆపి, 'సార్, మీ నడుం అటూ ఇటూ ఊగుతోంది. పెడల్ కిందికి పోయినప్పుడల్లా అందుకోడానికి జారుతున్నారు' అన్నాడు. ఎక్కిన మనిషికి తెలియదది, వెనకున్నవాడికే కనపడుతుంది. రోడ్డు పక్కనే ఐదు మిల్లీమీటర్లు దించాడు. హ్యాండిల్ జోలికి పోదామా అంటే, 'ఒక్కొక్కటి సార్, రెండూ మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు' అన్నాడు. పాతికేళ్లుండవు, ఆ మాట నాకు ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. మళ్లీ ఎక్కాను. బ్రేకుల మీద వేళ్లుంచి, అరచేతులు కాస్త పైకి లేపి చూశాను. ముందుకు పడలేదు. మోచేతులు వాటంతటవే వంగి ఉన్నాయి. గుంతలో దిగి లేచినా పళ్లు కొట్టుకోలేదు. కుడి మలుపులో వెనక్కి చూస్తే స్కూటరూ, దాని వెనకాల లారీ, లారీ నంబరూ కనిపించాయి.

మోకాలి ముందు నొప్పొస్తే సీటు కిందికుందని, వెనక నొప్పొస్తే పైకుందని సాధారణంగా చెబుతారు. మొదటి నెలంతా ఆ రెంటికోసం కాచుకు కూర్చున్నాను. రెండూ రాలేదు.

సీటు గొట్టం చుట్టూ 69.3 దగ్గర నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంచాను. మా అపార్ట్‌మెంట్లో పిల్లలు అప్పుడప్పుడూ సైకిల్ అడిగి తీసుకెళ్తుంటారు. తీసుకెళ్లండర్రా, సీటు మీకెంత కావాలంటే అంత దించుకోండి. ఆ టేపు మాత్రం పీకకండి.