పుస్తకాల అంగడిలో మనవాళ్ళు

ఆంధ్రదేశ యాత్ర ముగించుకొని మలేసియాకు తిరిగివచ్చే మన సోదర సోదరీమణుల పెట్టెల్లో చీరలు, ఆవకాయ, పూజాసామగ్రితో పాటు నాలుగైదు తెలుగు పుస్తకాలు కూడా ఉంటాయి. సంతోషించదగిన విషయమే. అయితే వాటిలో ఎన్నింటిని ఇంటిల్లిపాదీ చదువుతున్నారు, ఎన్ని అద్దాల బీరువాలో దేవుడి పటం పక్కన చేరుతున్నాయి అని అడిగితే జవాబు చెప్పడానికి చాలామంది సంకోచిస్తారు. ఇది చదువరుల బద్ధకం కాదు, పుస్తకాన్ని ఎంచుకొనే తీరులోనే లోపమున్నదని మా అభిప్రాయం.

విజయవాడలో 1989 నుండి ఏటా జనవరి తొలి రోజుల్లో పుస్తక మహోత్సవం జరుగుతున్నది. విశాలాంధ్ర, నవోదయ, ఎమెస్కో వంటి సంస్థల పుస్తకాలు ఎప్పుడైనా దొరుకుతాయి. అంత రాశి ముందు నిలబడిన మనవాడు ఏం చేస్తాడు? లావుపాటి పుస్తకం తీస్తాడు. బంగారు అక్షరాల అట్ట చూస్తాడు. లోపల తెరిస్తే ముందుమాట, తొలిపలుకు, ఆశీస్సులు, అభిప్రాయాలు అంటూ పెద్దల మాటలు వరుసగా ఉంటాయి. ఇంతమంది మెచ్చుకున్నారు గదా అని కొనేస్తాడు. మన తెలుగు పుస్తకాలకు ఈ ముందుమాటల జబ్బు కాస్త ఎక్కువే. పెళ్ళికి వచ్చిన వాడికి వధూవరులు కనబడకుండా పెద్దలందరూ ముందు వరుసలో నిలబడినట్టు ఉంటుంది. అభిప్రాయం రాసినవారు ఆ రచయితకు స్నేహితులో, గురువులో అయివుంటారు కాబట్టి అందులో మొగమాటం పాలు తీసివేసి చదువుకోవాలి. ఇంతకంటె శీర్షిక వెనుక పుట మేలు. ఎన్నవ ముద్రణ, ఎన్ని ప్రతులు అన్నది సాధారణంగా అక్కడే వేస్తారు. ఐదారుసార్లు అచ్చయిన పుస్తకాన్ని ఎవరో అడిగి కొంటున్నారనే గదా అర్థం!

కాని మన సంగతి వేరు. విజయవాడ పాఠకుడికి లేని చిక్కు మనకొకటి ఉంది. తోటల్లో పెరిగిన మన అవ్వలకు, తాతలకు తెలుగు నోటినిండా ఉంది; చదువుకొనే అవకాశం చాలామందికి కలగలేదు. సంఘం తరగతుల్లో అక్షరాలు నేర్చిన మనుమలు కూడబలుక్కొని చదవగలరు. చదివినది వారికి సగమే అర్థమవుతుంది. అర్థమైనవారికి చదువు రాదు, చదువు వచ్చినవారికి అర్థం కాదు. ఇటువంటి ఇంటికి ఏ పుస్తకం కొనాలి? మనుమరాలు పైకి చదువుతుంటే అవ్వ విని "అవును, మా అమ్మ అలాగే అనేది" అనగల పుస్తకం కొనాలి. అంగట్లో నిలబడి నడుమ ఏదో ఒక పుట తెరిచి నాలుగు వాక్యాలు పైకి చదివితే అది తేలిపోతుంది. అంగడివారు వింతగా చూస్తే చూడనివ్వండి.

ఈ పరీక్షకు కొన్ని పుస్తకాలు పెట్టి చూద్దాం. మన పూర్వులలో చాలామంది విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాలవారు. విజయనగరపు గురజాడ 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. నేడు ఎక్కువగా చదివేది బాగా పెంచి, మార్చి వేసిన 1909 కూర్పు. ఆ మరుసటి ఏడే, 1910లో, మలయాకు ఒప్పంద కూలీలను తెచ్చే పద్ధతి రద్దయింది. కాబట్టి మనవాళ్ళు ఓడ ఎక్కిన కాలపు మాట అందులో ఉంది. కాని ఎక్కువగా వినిపించేది అగ్రహారాల మాట. తోటకు వచ్చినవారి మాటకు రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు మరింత దగ్గర. "ఏటి", "నాను", "ఎల్లిపోనాడు" వంటి మాటలు అచ్చులో చూసి మన పిల్లలు తప్పులనుకొంటారు. ఎందుకంటే పాఠ్యపుస్తకంలో అవి లేవు. వారి అవ్వ నోట మాత్రం ఉన్నాయి.

రామారావు గారి 'యజ్ఞం' పేరు చూసి పూజాగ్రంథమనుకొని కొన్నా మంచిదే. అప్పు తీర్చడం కోసం ఒక కుటుంబం తరతరాలుగా అణిగిపోవడం ఆ కథలోని సంగతి. అప్పుల బాధతోనే ఊరు విడిచిన తాతలున్న ఇళ్ళలో ఆ కథను ఎవరూ తేలికగా చదవలేరు. ముగింపు మరీ భయంకరం. పసిపిల్లల చేత చదివించవద్దు. ఈ కథ ఉన్న 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అయినా మన బీరువాల్లో అది అరుదు. అట్ట మీద దేవుడు లేడు కాబోలు!

భక్తిగ్రంథాలు వద్దని మేమనడం లేదు. రామభజన మందిరాలే తోటల్లో మన తెలుగును నిలిపాయి. పోతన భాగవతం కొనేవారు తప్పక కొనండి, కాని ప్రతిపదార్థ తాత్పర్యాలున్న కూర్పు, అక్షరం పెద్దదిగా ఉన్నది చూడండి. ఒట్టి పద్యాలే ఉన్నది బీరువాకే పోతుంది.

చిత్తూరు వైపునుండి వచ్చిన కుటుంబాలకు ఈ ఉత్తరాంధ్ర మాట కొత్తగా తోచవచ్చు. వారు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి కథలను ఇదే విధంగా పైకి చదివి చూడాలి. ఇక శ్రీకాకుళం పోయేవారికి మరొక మాట. రామారావు గారు 1997లో నెలకొల్పిన కథానిలయం అక్కడ ఉంది. అది గ్రంథాలయమే గాని అమ్మే చోటు కాదు. ఏ కథకుడిది ఏ ఊరి మాటో అక్కడ కూర్చొని చదివి చూసుకొని, పేర్లు రాసుకొని, తరువాత అంగడికి వెళ్ళవచ్చు.