ప్రయాణభంగమున క్రైస్తవుని ఓర్పు

మన తెలుగునాట క్రైస్తవ గృహములలో ఎవరైన దూరప్రయాణమునకు బయలుదేరునపుడు, మూటాముల్లెలు గుమ్మమునొద్ద చేర్చి, ఇంటిల్లిపాదియు ఒకచోట కూడి, 121వ కీర్తన చదివి, పెద్దవారొకరు ప్రార్థన చేసిన పిమ్మటగాని గడప దాటని ఆచారము పెక్కుచోట్ల నేటికిని నిలిచియున్నది. యెరూషలేము పండుగలకు పోవు యాత్రికులు పాడుకొనుచుండిరని చెప్పబడు పదునైదు యాత్రకీర్తనలలో అది రెండవది. ఉత్తరములలోను శుభలేఖలలోను ‘ప్రభువు చిత్తమైతే’ అను మాట చేర్చుట మరియొక ఆచారము. ఇవి రెండును అలవాటుచొప్పున జరిగిపోవు లాంఛనములని తలచువారు కలరు. కాని రైలు దాటిపోయినపుడు, ఏరు పొంగి దారి తెగినపుడు, చేరవలసిన వేళకు చేరవలసినచోటికి చేరలేమని రూఢియైనపుడు మనస్సును నిలుపుకొనుటకై క్రైస్తవ సంప్రదాయము తరతరములుగా కూర్చిపెట్టిన యొక విద్యకు ఇవి తొలిపాఠములని నేను దృఢముగా నమ్ముచున్నాను.

ఆ విద్య ప్రయాణమునకు ముందే ఆరంభమగును. యాకోబు తన పత్రిక నాలుగవ అధ్యాయమున, ఫలాని పట్టణమునకు పోయి, ఒక సంవత్సరమచ్చట గడపి, వ్యాపారము చేసి లాభమార్జింతుమని లెక్కలు వేసికొను వారిని మందలించుచు, రేపటి సంగతి యెరుగని మనుష్యుడు తన సంకల్పమును ప్రభువు చిత్తమునకు లోబరచి పలుకవలెనని బోధించెను. ఆయన వ్యాపారమును నిషేధింపలేదు, ప్రయాణమును నిషేధింపలేదు. సంకల్పముమీద మనకుగల పట్టును మాత్రము కొంత సడలింపుమనెను. టిక్కెట్టు కొని, సెలవు పెట్టి, అవతలి ఊరివారికి వర్తమానమంపి, సమస్తమును సిద్ధపరచుకొనిన పిమ్మటగూడ ఆ మాటను మనసార పలికినవానికి, బండి రాదన్న వార్త దుఃఖముగా తోచిన తోచవచ్చునుగాని, తనకు జరిగిన అన్యాయముగా తోపదు.

ఇక దారిలో ఏమి చేయవలెనో నేర్చుకొనుటకు, లూకా వ్రాసిన అపొస్తలుల కార్యములలోని 27వ అధ్యాయమును మించిన పాఠము నాకు కనబడలేదు. కైసరునెదుట విచారింపబడుటకై ఖైదీగా రోమాకు పంపబడిన పౌలు, యూలి అను శతాధిపతి వశమున కైసరయ విడిచి, లుకియలోని మూరలో ఇటలీకి గోధుమలు మోసికొనిపోవు అలెక్సంద్రియ ఓడయెక్కెను. ఎదురుగాలిచేత అనేకదినములు వ్యర్థము కాగా, క్రేతు ద్వీపమున మంచిరేవులు అను చోటికి చేరునప్పటికి యూదుల ఉపవాసదినము గడిచిపోయెను. అనగా శరత్కాలము ముదిరి, మధ్యధరా సముద్రమున రాకపోకలు నిలిచిపోవు నెలలు సమీపించెను. నవంబరు మొదలు మార్చి తొలిదినములవరకు ఆ కాలపు నావికులు సామాన్యముగా నడిసముద్రమునకు పోకుండిరి. ముందుకు సాగినచో ఓడకును ప్రాణములకును నష్టము కలుగునని పౌలు హెచ్చరించెను. శతాధిపతి నావికుని మాటయు ఓడయజమానుని మాటయు నమ్మెను. దక్షిణపుగాలి మెల్లగా వీచుటచే ఆశపడి వారు లంగరెత్తిరి. కొంతసేపటికే ఊరకులోను అను పెనుగాలి విరుచుకొనిపడెను.

తరువాతి పదునాలుగు రాత్రుల కథను లూకా ‘మేము’ అనుచు, ఓడలోనుండి చూచినవానివలె చెప్పును. ఓడ విచ్చిపోకుండ త్రాళ్లు చుట్టి బిగించిరి, సరకులు పారవైచిరి, మూడవనాడు ఓడ సామగ్రినిగూడ పారవైచిరి. సూర్యుడుగాని నక్షత్రములుగాని కనబడని దినములు అనేకములు గడచి, బ్రదుకుదుమన్న ఆశ అందరికిని ఉడిగిపోయెను. అట్టి వేళ పౌలు వారి నడుమ నిలిచి, మొట్టమొదట, తన మాట వినియుండవలసినదని స్పష్టముగా పలికెను. ఓర్పుగలవాడు తప్పును తప్పని చెప్పరాదనుకొను సాధువులు ఈ వాక్యమును మరల చదువుట మంచిది. పలికెను, కాని ఒక్కమారే పలికెను. వెంటనే ధైర్యము చెప్పుటకు పూనుకొనెను. లోతు ఇరువది బారలనుండి పదునైదు బారలకు తగ్గినపుడు, లంగరులు వేయు నెపమున నావికులు పడవ దించుకొని పారిపోజూడగా, కనిపెట్టి శతాధిపతికి తెలిపినవాడును అతడే. తెల్లవారుచుండగా, ఇన్నాళ్లు భోజనము మానిన వారిని తినుడని బతిమాలి, రొట్టె చేతబట్టుకొని, అందరి యెదుట దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి, విరిచి తినెను. అది చూచి ఓడలోని 276 మందియు తినిరి. ఓడ ఇసుకదిబ్బ కెక్కి బ్రద్దలాయెను, సరకు పోయెను, ప్రాణము మాత్రము ఒక్కటియు పోలేదు. మెలితే ద్వీపవాసులు వానకును చలికిని నిప్పు రాజవేయగా, ఆ పౌలే పుల్లలేరి తెచ్చి మంటలో వేసెను. ఈ కథ యావత్తులో నాకు మిక్కిలి ప్రియమైనది ఆ పుల్లల మోపు. రోమాకు చేరవలసిన వాడు మూడునెలలు ఆ ద్వీపమున చిక్కుపడవలసియుండగా, తొలిదినముననే తన చేతులకు అందిన పని చేపట్టెను. పిదప పొప్లి అనువాని తండ్రిని, ఇతర రోగులను స్వస్థపరచెను. ఎప్పుడు బయలుదేరుదుమని అతడు ఎవరినైన అడిగినట్లు లూకా వ్రాయలేదు.

ఆటంకములకు కారణము చెప్పుటయందును పౌలు మిక్కిలి జాగరూకుడు. ఆసియలో వాక్యము చెప్పనీయకయు, బితూనియకు పోనీయకయు ఆత్మ అతనిని అడ్డగించెనని కార్యముల గ్రంథము చెప్పును. ఆ అడ్డంకి ఫలితముగనే అతడు త్రోయకు వచ్చి, అచ్చటినుండి మాసిదోనియకు దాటెను. కాని తెస్సలొనీకయులయొద్దకు రాజాలకపోవుటకు సాతానే కారణమని తానే వ్రాసెను. కొరింథునకు పోవు ఏర్పాటును మార్చుకొనినపుడు, చపలచిత్తుడన్న నిందకు నొచ్చుకొని, సుదీర్ఘముగా సమాధానము చెప్పుకొనెను. ఆగిన ప్రతి ప్రయాణమును దేవుడే ఆపెనని గాని, సాతానే ఆపెనని గాని తీర్పు చెప్పుటకు అపొస్తలుడే తొందరపడకుండగా, రైల్వే ప్లాట్‌ఫారముమీద పసిబిడ్డతో రాత్రంతయు వేచియున్న తల్లిని సమీపించి, ఇదంతయు నీ మేలుకే జరిగెనని చెప్పుటకు మనమెవరము? ఆమెకు పాలు తెచ్చియిచ్చుట మెరుగు.

అభ్యాసము లేక ఇట్టి నిబ్బరము రాదని సంప్రదాయమునకు తెలియును. ఓర్పునుగూర్చి లాటినుభాషలో గ్రంథము వ్రాసిన కార్తేజివాసి తెర్తుల్యను, తనయందు లేని గుణమునుగూర్చి వ్రాయ సాహసించుచున్నానని తొలుతనే చెప్పుకొనెను. ఆరవ శతాబ్దమున బెనెడిక్టువారు తమ మఠనియమావళి 50వ అధ్యాయమున, ప్రయాణములోనున్న సన్యాసి, దేవాలయము చేరలేకపోయినను, నియతకాల ప్రార్థనలను ఉన్నచోటనే జరుపవలెనని శాసించిరి. దినచర్య చెదిరినపుడు మనస్సు చెదరుట సహజము గనుక, చెదరని మేకునొకదానిని దినమునందు పాతియుంచుట ఇందలి సూక్ష్మము. ఐగుప్తు ఎడారి తపస్వులయొద్ద నేర్చుకొనిన కాసియనుడు, దేవుని తోడు వేడు ఒక చిన్న కీర్తనచరణమును నడచునపుడును, పనిచేయునపుడును, నిద్రపట్టునంతవరకును లోలోపల పలుకుచుండుటను వర్ణించెను. వేచియుండువానికి ఇంతకంటె తేలికయైన సాధనము లేదు. లొయోలా ఇగ్నాసియువారు దినమునకు రెండుమారులు ఆత్మపరిశీలనము విధించిరి. మొదట పొందిన మేలులకు వందనములు చెప్పి, పిమ్మట గడచిన గంటలను తరచి చూచి, తప్పునకు క్షమాపణ వేడి, రానున్న గంటలకు సవరణ తలపోయుట దాని క్రమము.

ఆ ఇగ్నాసియువారి జీవితముననే ఘనమైన ప్రయాణభంగమొకటి కలదు. 1534లో పారిసునందు ఆయనయు సహచరులును యెరూషలేమునకు పోవుదుమని మ్రొక్కుకొనిరి. పోవ వీలుపడనియెడల పోపుగారి యాజ్ఞకు తమ్మును అప్పగించుకొందుమని అందే చేర్చిరి. 1537లో వెనిసున కలిసికొని, అచ్చటి ఆసుపత్రులలో రోగులకు సేవచేయుచు ఓడకై కనిపెట్టిరి. తురకలతో యుద్ధము తటస్థించుటచే ఓడ దొరకలేదు. రోమాకు మరలిపోయిరి, 1540లో యేసుసభ ఏర్పడెను. తెలుగు కతోలికులు శౌరివారని పిలుచు ఫ్రాన్సిసుగారు ఆ సహచరులలో నొకరు. 1541 ఏప్రిలులో లిస్బను విడిచిన ఆయనయు మొజాంబికులో నెలల తరబడి నిలిచిపోయి, రోగులకు పరిచర్య చేయుచు, 1542 మే నెలలోగాని గోవాకు చేరలేదు.

ఇట్టి కథలు విని, ఆలస్యమెల్ల అమృతమగునని మురియుట తగదు. 1793లో మన దేశమునకు సువార్తసేవకై బయలుదేరిన విలియం కేరీ అనుమతిపత్రము లేనికారణమున ఇంగ్లాండు తీరముననే ఓడనుండి దింపివేయబడెను. ఆ ఆలస్యమువలననే, మొదట రానన్న భార్య డొరతీ బిడ్డలతోకూడ డేనిషు ఓడలో అతనివెంట రాగలిగెను. శ్రీరామపురమున 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయినది అతని కృషివలననే గనుక ఆ ప్రయాణమునకు మనము ఋణపడియున్నాము. కాని డొరతీ ఈ దేశమున బిడ్డను పోగొట్టుకొని, మతిచలించి, 1807లో మరణించువరకు కోలుకొనలేదు. ఆమె కన్నీటిని లెక్కలోనికి తీసికొనని ఓర్పు క్రీస్తు నేర్పిన ఓర్పు కాజాలదని నా నిశ్చితాభిప్రాయము.

ప్రియ పాఠకులారా, తరువాతి ప్రయాణమునకు బయలుదేరునపుడు 121వ కీర్తనతోపాటు కార్యముల 27, 28 అధ్యాయములనుగూడ ఇంటివారందరు వినునట్లు చదువుడు. బండి ఆగిపోయిననాడు మీ ప్రక్కవారిలో ఎవరు తినలేదో కనుగొని, మీ సంచిలోని రొట్టెను వారితో పంచుకొనుడు.