ఏ నవలకు ఏ గొంతు

‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం చదివినప్పటికన్నా విన్నప్పుడే ఎక్కువ బాగుంది. మొక్కపాటి నరసింహశాస్త్రి ఆ భాగాన్ని అచ్చుకిచ్చింది 1924లో. అప్పటికి ఆడియో పుస్తకాలేవీ లేకపోయినా, పార్వతీశం మన ఎదురుగా కూర్చుని తన కథ తానే చెబుతున్నట్టు రాశారు. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండుకు బయల్దేరడం, రైల్లోనూ ఓడలోనూ ఎదురైన ప్రతి వింతకీ తన భాష్యం తాను చెప్పుకోవడం, ఇదంతా చెప్పేవాడి నమ్మకం మీద నడిచే కథ. చదివి వినిపించే మనిషి మనకన్నా ముందు తాను నవ్వేస్తే హాస్యం అక్కడే చచ్చిపోతుంది. తన పనులు నవ్వులాటగా ఉన్నాయని పార్వతీశానికి తోచదు. గొంతుకీ తోచకూడదు. రెండు, మూడు భాగాలు మొక్కపాటి చాలా ఏళ్ల తర్వాత రాశారు. అప్పటికి పార్వతీశం లోకం తెలిసిన మనిషైపోయాడు, ఆ అమాయకత్వంతోపాటు కథకున్న పట్టూ సడలింది. మొదటి భాగంతో ఆపేసినవాళ్లకు పెద్దగా నష్టం లేదని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కాశీబుగ్గలో ఉంటున్న ఈ పాఠకుడి అభిప్రాయం.

ఈ మధ్య పూర్తి చేసిన పుస్తకాల్లో ఈ పాఠకుడు కళ్లతో చదివినవి కొన్ని, చెవులతో విన్నవి కొన్ని. తెలుగులో వినదగ్గ సరుకు ఇప్పుడు తక్కువేమీ లేదు. కొండూరు తులసీదాస్ గొంతుతో ‘దాసుభాషితం’ వచ్చింది. స్టోరీటెల్, కుకు ఎఫ్ఎం లాంటివి తెలుగులోకీ వచ్చాయి. పుస్తకాల గురించీ రచయితల గురించీ కిరణ్‌ప్రభ చేసే ప్రసంగాలు వేరే కోవ. అవి నవలకు పరిచయాలు, వాటిని విని నవల చదివేశామనుకోకూడదు. ఇన్ని ఉన్నాయి కాబట్టే అడగాల్సిన ప్రశ్న మారింది. నవల బాగుందా లేదా అని అడిగితే సరిపోదు. ఇది వినాల్సిందా, చదవాల్సిందా, వింటే ఎవరి గొంతులో వినాలి అని కూడా అడగాలి.

కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ వినాల్సిన నవల. కుష్టురోగులకు డిచ్‌పల్లి ఆసుపత్రిలో వైద్యం చేస్తూ నవలలు రాసిన డాక్టరు ఆయన. ఒక ముసలివాడు, దారి తప్పిన ఒక పంది, అడవి, ఒక రాత్రి. కథలో అంతకుమించి ఏమీ లేదు. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ముందు పేజీలు తిప్పి చూసుకునే అవసరం రాదు. చీకట్లో నడిచే మనిషి వెనకాల మనమూ నడవడమే పని. దీపం ఆర్పేసి వింటే, ముసలివాడు ఆగి ఏ చప్పుడు కోసం చెవి రిక్కించాడో ఆ చప్పుడు కోసం మనమూ ఎదురుచూస్తాం. ఇలాంటి పుస్తకాన్ని చెడగొట్టేది వెనకాల మోగే సంగీతం. నక్క అనే మాట వచ్చినచోట నక్క కూత, అడవి అన్నచోట కీచురాళ్ల రొద, విషాదం అనిపించినచోట వేణువు! రచయిత రెండు వాక్యాల్లో కట్టిన నిశ్శబ్దాన్ని ఆ వేణువు చెరిపేస్తుంది. నవలకు నేపథ్య సంగీతం పెట్టే అలవాటును మానుకోవాలని ఈ పాఠకుడు గట్టిగా కోరుతున్నాడు. వేగం పెంచుకుని వినే అలవాటుదీ అదే దారి. ఒకటిన్నర రెట్ల వేగంలో కథ తెలుస్తుందేమో గానీ, ఆ అడవిలో రాత్రి గడవదు.

చలం ‘మైదానం’ దగ్గర చిక్కు వేరు. ఆ కథ చెప్పేది రాజేశ్వరి. ప్లీడరు భార్య భర్తను వదిలి అమీరుతో వెళ్లిపోవడం 1920ల నాటి పాఠకులకు పిడుగుపాటు. కానీ ఇవాళ వింటుంటే నిలబడేది ఆ సంచలనం కాదు. తాను చేసినదానికి సంజాయిషీ ఇవ్వనక్కర్లేదని తనకు తాను చెప్పుకుంటూనే, ప్రతి పుటలోనూ సంజాయిషీ ఇస్తున్న ఒక స్త్రీ గొంతు నిలబడుతుంది. ఆ పుస్తకాన్ని మగ గొంతులో వింటే సగం అర్థం పక్కకి జరిగిపోతుంది. రాజేశ్వరి మాటలు చలం ఉపన్యాసంలా వినబడతాయి. చలం మీద ఆ ఆరోపణ ఎప్పటినుంచో ఉంది, దానికి మనం చేతులారా బలం ఇవ్వడం ఎందుకు? స్త్రీ గొంతులో విన్నప్పుడు అవే వాక్యాలు తడబడతాయి, కోప్పడతాయి, ఒక్కోచోట అబద్ధం కూడా ఆడతాయి. చివరి భాగం మాత్రం ఏ గొంతులో విన్నా హడావుడిగానే ఉంది. అక్కడ పాత్రల కన్నా రచయిత తొందర ఎక్కువ.

వినకూడని నవలలూ ఉంటాయి. రావిశాస్త్రి ‘అల్పజీవి’ వాటిలో మొదటిది. 1950ల మొదట్లో ‘భారతి’లో వచ్చిన ఈ నవలలో సుబ్బయ్య అనే గుమాస్తా భయపడుతుంటాడు. ఆఫీసంటే భయం, అప్పంటే భయం, ఎదుటి మనిషి చూపంటే భయం. బయట జరిగేది చిటికెడు, సుబ్బయ్య బుర్రలో జరిగేది బండెడు. ఒక వాక్యంలో అతను పైకి అన్నది ఎంత, లోపల అనుకుని మింగేసింది ఎంత, ఎప్పుడో చిన్నప్పుడు విన్నమాట ఎంత అనేది అచ్చు పుటలో తేలీతేలకుండా ఉంటుంది. ఆ తేలకపోవడమే నవల ప్రాణం. గట్టిగా చదివే మనిషి ఏదో ఒక స్వరం ఎంచుకోక తప్పదు. ఎంచుకున్న క్షణంలోనే సుబ్బయ్య కాస్త ధైర్యస్థుడైపోతాడు. ఇందులో చదివేవాళ్ల తప్పేమీ లేదు. ఆ పుస్తకం కంటి కోసం పుట్టింది, ఒక పేరా దగ్గర ఆగి, వెనక్కెళ్లి, మళ్లీ ముందుకు రావడానికి పుట్టింది.

అదే రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ తీసుకోండి, తీర్పు పూర్తిగా తిరగబడుతుంది. మద్యనిషేధపు చట్టం, పోలీసులు, కోర్టులు, ఆ మధ్యలో నలిగే పేదలు. వాళ్లందరూ నోరు తెరిచి మాట్లాడే మనుషులు. విశాఖ వీధుల యాసని ఆయన అక్షరాల్లో పెట్టారు గానీ, మన ప్రాంతం కానివాళ్లు ఆ అక్షరాలను కూడబలుక్కుని చదువుతారు. ఇక్కడి మనిషి చదివి వినిపిస్తే కూడబలుక్కునే పని తప్పుతుంది. ఒకే రచయిత, ఒక పుస్తకం కంటికి, ఒకటి చెవికి.

యాస సంగతి వచ్చింది కాబట్టి సీమ నవలల ముచ్చట. సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి ‘కొండపొలం’ 2019లో తానా బహుమతి పొందింది. కరువులో మేత దొరక్క గొర్రెల మందల్ని నల్లమలలోకి తోలుకుపోయిన కాపర్ల కథ అది. దాని ఆధారంగా క్రిష్ తీసిన సినిమాలో లేని ఓపిక నవలలో ఉంది. గొర్రె జబ్బు చేస్తే ఏం చేయాలి, పులి వాసన మందకి ఎలా తెలుస్తుంది, రాత్రి కాపలా ఎవరెవరు ఏ వరసలో కాయాలి అనేవన్నీ రచయిత తొందరపడకుండా చెబుతారు. కొన్ని కడప మాటల దగ్గర ఉద్దానం పాఠకుడికి కాలు తడబడింది. అయినా ఆగాలనిపించలేదు, సందర్భమే అర్థం చెప్పింది. లోపం ఒక్కటే, చదువుకున్న కుర్రాడు అడవిలో నేర్చుకున్నదంతా చివరికి అతనికి పనికొచ్చి తీరాలన్న పట్టుదల కొంచెం ఎక్కువ. అడవి తన పాఠం చెప్పేశాక రచయిత దాన్ని మళ్లీ చెప్పనక్కర్లేదు.

2019కి సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ని కాగితం మీదే చదవాలి. 18వ శతాబ్దపు అనంతపురం, హండే పాలకుల కాలం, కరువు, దోపిడి, ఆచారాల పేరుతో జరిగిన క్రూరత్వం. మనుషులు గుంపులుగా వస్తారు, పోతారు, ఎక్కడో మళ్లీ తేలతారు. వింటుంటే ఎవరు ఎవరి కొడుకో మరిచిపోతాం. పుస్తకమైతే వేలు పెట్టుకుని వెనక్కి తిప్పుకోవచ్చు. చరిత్రను రాజు గుమ్మంలోంచి చూపకుండా కింది కులాల వాడల్లోంచి చూపినందుకు ఈ నవల పదికాలాలు ఉంటుంది. కాగితానికి ఇంకో బలం ఉందని 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తీరాన్ని దాటినప్పుడు ఉద్దానం జనానికి తెలిసింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలి, రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఫోన్లన్నీ మూగబోయాయి. పగటి వెలుతురులో పుస్తకం మాత్రం తెరుచుకుంది.

‘వేయిపడగలు’ గురించి ఈ పాఠకుడికి ఇంతకాలం ఒక జంకు ఉండేది. అంత లావు పుస్తకం, అంత పొడుగు వాక్యాలు. అయితే 1934లో విశ్వనాథ సత్యనారాయణ ఆ నవలను 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసుకున్నారు. అంటే అది నోట పుట్టి కాగితం మీదకి దిగిన నవల. అది తలుచుకుని గట్టిగా చదువుకుంటే వాక్యాలు ఒక్కసారిగా విడివడ్డాయి. పుట మీద ఊపిరాడనివ్వని వాక్యంలో నోటికి ఊపిరి తీసుకునే చోట్లు ఉన్నాయి, క్రియ ఎప్పుడొస్తుందో చెవికి ముందే తెలుస్తుంది. పసరిక అనే పాత్ర వచ్చే ఘట్టాలు మనిషి గొంతులో గగుర్పాటు కలిగిస్తాయి. నవల నమ్మే వర్ణాశ్రమ వ్యవస్థను ఈ పాఠకుడు ఒప్పుకోడు. వినడం వల్ల ఆ అభిప్రాయం మారలేదు. కానీ ఎదుటివాడి వాదాన్ని పూర్తిగా విన్నాక కాదనడం, వినకుండా కాదనడం ఒకటి కావు.

పలాస, కాశీబుగ్గ జంట ఊళ్లలో చెవి ఖాళీగా ఉండి చేతులు మాత్రం తీరికలేని మనుషులు వేలల్లో ఉన్నారు. జీడిపిక్కలు కొట్టి, పప్పు మీది పొట్టు తీసి, సైజులవారీగా ఏరే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లు. గంటల కొద్దీ కూర్చునే పని. పక్కన ఫోన్లో పాటలు మోగుతుంటాయి. క్యూబాలో 1865 నుంచి హవానా చుట్టల కర్మాగారాల్లో ఇంకో ఏర్పాటు ఉంది. పనివాళ్లు ఆకులు చుడుతుంటే ఎత్తైన బల్ల మీద కూర్చుని ఒక మనిషి పత్రికలూ నవలలూ చదివి వినిపించేవాడు. అతనికి జీతం పనివాళ్లే తలాకాస్త వేసుకుని ఇచ్చుకునేవారు. ఏ నవల చదవాలో తేల్చేదీ వాళ్లే. డ్యూమా రాసిన ‘కౌంట్ ఆఫ్ మాంటెక్రిస్టో’ వాళ్లకు ఎంత నచ్చిందంటే, ఒక చుట్టల రకానికి మాంటెక్రిస్టో అని పేరే పడింది. నవల పుస్తకాల షాపుకి వెళ్లగలిగేవాళ్లకే అనుకోనక్కర్లేదని చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ ఈ పాఠకుడికి దొరకలేదు. జీడి కార్ఖానాలో రోజుకో గంట నవల వినిపిస్తే వినేవాళ్లుంటారు, సందేహం లేదు. ఏ గొంతులో వినిపిస్తామన్నదే సమస్య.

ఎందుకంటే ఇప్పటికి మనకు దొరికే ఆడియో పుస్తకాల్లో ఎక్కువభాగం ఒకే తీరున, పత్రికల భాష పలికే గొంతుల్లో ఉన్నాయి. ‘ఎల్తన్నాను’ అని రాసి ఉంటే కొందరు ‘వెళ్తున్నాను’ అని దిద్దేసి చదువుతారు. ఇంకొందరు దాన్ని సినిమాల్లో హాస్యపాత్రల చేత పలికించే యాసలో సాగదీస్తారు. రెండోది ఎక్కువ బాధ. మన అమ్మలూ అక్కలూ ఏడ్చిన, పోట్లాడిన, బిడ్డల్ని లాలించిన మాట అది. నవ్వించడానికి పుట్టిన మాట కాదు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టారు. సవర భాష నేర్చుకోవడానికి కొండలెక్కి, మలేరియా తగిలి, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. జనం నోటి మాట కోసం చెవులు పోగొట్టుకున్న మనిషి జిల్లాలో, జనం నోటి మాటను సరిగ్గా వినిపించే ఆడియో పుస్తకం అరుదుగా దొరకడం ఈ పాఠకుడికి చాలా కష్టంగా ఉంది.

ఇక్కడ గొంతులు లేక కాదు. జముకు చేతపట్టి రాత్రంతా కథ నడిపిన కళాకారులు ఈ నేల మీదే పుట్టారు. బొడ్డపాడుకు చెందిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చెబితే ఊళ్లకి ఊళ్లు కదిలి వచ్చాయి. ఇవాళ కూడా బడిపంతుళ్లలో, రేడియో నాటకాలు ఆడినవాళ్లలో, భజన బృందాల్లో కథను నిలబెట్టగల గొంతులున్నాయి. కథలకీ కొదవలేదు. శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న తెరిచిన కథానిలయంలో తెలుగు కథల పెద్ద పోగు ఉంది.

మొదట రికార్డు చేయాల్సింది కాళీపట్నం రామారావు (కారా మాస్టారు) 1964లో రాసిన ‘యజ్ఞం’. నవల కాదు, పెద్దకథ. కానీ చాలా నవలల్లో లేనంత ఊరు అందులో ఉంది. సుందరపాలెంలో ఒక బాకీ మీద పంచాయతీ జరుగుతుంది, కథ ముప్పాతిక వంతు మాటలే. పెద్దల మాట, అప్పుపడ్డ అప్పల్రాముడి మాట, చుట్టూ చేరినవాళ్ల మాట. ఒక్క గొంతుతో అది తేలదు, నలుగురైదుగురు కావాలి. కథనం చదివే మనిషి మాత్రం ఎవరి పక్షమూ వహించని గొంతుతో, తీర్పు చెప్పకుండా చదవాలి, కారా మాస్టారు రాసింది అలాగే. సంగీతం వద్దు. పలాసలో విశాఖ పాసింజరు ఎక్కి వినడం మొదలుపెడితే, దిగేలోపు అయిపోయేంత కథే.