జేబులో క్యాసెట్

రాసిన పాటను ఎంతకాలం చెక్కాలి, ఎక్కడ చెయ్యి ఆపాలి? ఈ సందేహం పట్టుకున్నప్పుడల్లా అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ రికార్డు ‘నెబ్రాస్కా’ పెట్టుకుని వింటాను. స్ప్రింగ్‌స్టీన్ అనగానే వేదిక మీద గంటల తరబడి చెమటోడ్చి పాడే మనిషి, వెనక హోరెత్తించే ఆయన బృందం ‘ఈ స్ట్రీట్ బ్యాండ్’ గుర్తొస్తాయి. ఈ రికార్డులో ఆ హోరు లేదు. ఒక గొంతు, గిటార్, మౌతార్గాన్, అంతకుమించి ఉన్నవి చాలా తక్కువ.

1982 జనవరిలో న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్ అనే ఊళ్లో, అద్దె ఇంటి పడగ్గదిలో కూర్చుని ఆయన ఆ పాటల్లో చాలావాటిని పాడారు. దగ్గరున్నది టియాక్ వాళ్ల చిన్న క్యాసెట్ రికార్డరు. దాంట్లో ఉన్నవి 4 ట్రాకులే. గొంతుకొకటి, గిటార్‌కొకటి పోతే, ఇంకో గిటార్ అయినా వంతపాట అయినా మిగిలిన రెండింట్లోనే ఇమడాలి. ఆ పాటల బలంలో సగం ఆ ఇరుకులోంచే వచ్చిందని నా నమ్మకం. అక్కర్లేనిదేదో ఆ యంత్రమే తేల్చేసింది.

ఇక ఆ పాటల్లోని మనుషులు! 1950ల చివర్లో వరుస హత్యలు చేసిన చార్లెస్ స్టార్క్‌వెదర్ ‘నేను’ అంటూ తన కథ తానే చెప్పుకుంటాడు. ఇంకో పాటలో ఒక పోలీసు, నేరం చేసి పారిపోతున్న తమ్ముణ్ని కెనడా సరిహద్దు దాకా వెంబడించి, కారు ఆపేసి వదిలేస్తాడు. ‘యూజ్డ్ కార్స్’లో నాన్న పాత కారు బేరమాడుతుంటే, అమ్మేవాడి చూపు ఆయన చేతుల మీద పడుతుంది. కొడుకు అది గమనిస్తాడు. పేదరికం గురించి, అవమానం గురించి పాటలో విడిగా ఉపన్యాసమేమీ ఉండదు. ఆ చూపు చాలు.

నిజానికి ఆ క్యాసెట్ బ్యాండ్‌కు వినిపించడానికి చేసుకున్న నమూనా. డబ్బా కూడా లేకుండా జేబులో వేసుకుని తిరిగారు. న్యూయార్క్ స్టూడియోలో చేయి తిరిగిన వాద్యకారులతో అవే పాటలు మళ్లీ చేస్తే, మోత పెరిగేకొద్దీ పాటలోని మనుషులు మరుగున పడిపోయారు. చివరికి ఆ క్యాసెట్‌నే రికార్డుగా వేయాలని తేల్చుకున్నారు. దాన్ని డిస్కుకు ఎక్కించేసరికి ఇంజనీర్లకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆ సెప్టెంబరులో విడుదలైంది. దాని కోసం ఆయన ఊరూరా తిరిగి కచేరీలు కూడా చేయలేదు.

1974లో ‘బార్న్ టు రన్’ అనే ఒక్క పాట కోసం దాదాపు 6 నెలలు కూర్చున్నదీ ఈయనే. అంత ఓపికగా చెక్కగలిగినవాడు ఇక్కడ చెయ్యి ఆపాడు కాబట్టే ఆ నిర్ణయం మీద నాకు అంత గౌరవం.

అయితే ఆ క్యాసెట్‌లోనే ‘బార్న్ ఇన్ ది యూఎస్ఏ’ కూడా ఉంది. ఒంటి గిటార్ మీద పాడిన ఆ రూపం 1998లో బయటికొచ్చింది. నేను శ్రద్ధగా విన్నాను. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుడి గోడు అందులో ఉంది గానీ, రగలవలసిన కోపం లేదు. బ్యాండ్‌లోని మాక్స్ వైన్‌బర్గ్ డ్రమ్ముల దెబ్బ తోడయ్యాకే పాట లేచి నిలబడింది. స్ప్రింగ్‌స్టీన్ దాన్ని ‘నెబ్రాస్కా’లో చేర్చకుండా అట్టేపెట్టి, బ్యాండ్‌తో పాడినదాన్నే 1984లో విడుదల చేశారు.