తెలుపును తొలిచిన అక్షరం

విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఇంగ్లండులో అదే మొదటిది. కవి చాసర్ ‘కాంటర్‌బరీ కథలు’ అక్కడే అచ్చయింది. ఆ పుట చూస్తే రాతప్రతేమో అనిపిస్తుంది. అలా అనిపించాలనే ఆ టైపు చెక్కారు మరి. ఫ్లాండర్స్ లేఖకుల గొలుసుకట్టు రాతలోని కొక్కేలు, తోకలు, అతుక్కుపోయిన జంట అక్షరాలు అన్నీ సీసంలోకి దిగాయి. ఆయన తొలి పుస్తకాల్లో వచనానికి కూడా కుడి అంచు సమంగా రాదు. 1480 ప్రాంతంలో గాని పంక్తులను ఒక కొలతకు తేలేదు.

నన్ను ఇంకా ఎక్కువగా కట్టిపడేసేవి ఆయన శిష్యుడు వింకిన్ డి వర్డ్ పుటలు. గురువు పోయాక అచ్చుకూటం నడిపి, 1500-01లో దాన్ని లండన్ ఫ్లీట్ వీధికి మార్చినవాడు ఈయనే. ఈయన వాడిన మందపాటి కోణాల లిపి బ్లాక్ లెటర్‌లో కలం నడక తగ్గి, లోహపు పదును పైకొచ్చింది. ‘ఎమ్’ ఒక్కటి చూడండి. మూడు నిలువు గీతలు, పైనా కిందా ఏటవాలుగా కోసిన కొసలు. గీత ఎంత మందమో, గీతల నడుమ తెలుపూ దాదాపు అంతే. పంక్తి పొడవునా ఆ లయ తప్పదు. పుటంతా ఒకే బిగువుతో నేసిన గుడ్డలా ఉంటుంది.

ఈ బిగువు తేలిగ్గా రాదు. ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. నల్లగా అచ్చుపడేది మిగిల్చిన ఉక్కు. పనివాడు తొలిచేదంతా తెలుపునే. ఆ కడ్డీతో రాగిపై గుద్ది, ఆ గుంటలో కరిగిన లోహం పోస్తే అచ్చు అక్షరం తయారవుతుంది. కడ్డీపై వెంట్రుకవాసి తేడా జరిగితే, ఆ అక్షరం పడిన ప్రతిచోటా అది కనబడుతుంది. ‘ఓ’ తర్వాత వచ్చే ‘ఆర్’కు వేరే అచ్చు ఉండేది. నిలువు గీత తీసేసి, 2 అంకెలాంటి రూపంతో ముందున్న వంపుకు ఆనిస్తారు. మధ్యలో ఖాళీ పడకూడదని అంత శ్రద్ధ!

ఈ లిపి చదవడం కష్టమంటారు. అది మన కళ్ల అలవాటే తప్ప లిపి లోపం కాదంటాను. రిచర్డ్ పిన్సన్ అనే ముద్రాపకుడు 1509లోనే, ఇప్పుడు మన కళ్లకు అలవాటైన రోమన్ టైపును ఇంగ్లండులో వాడాడు. అయినా నూరేళ్ల తర్వాత, 1611లో, కింగ్ జేమ్స్ బైబిలు ప్రధాన పాఠాన్ని బ్లాక్ లెటర్‌లోనే అచ్చు వేశారు. అర్థం కోసం అనువాదకులు చేర్చిన మాటలకు మాత్రం చిన్న రోమన్ అక్షరాలు వాడారు.